ఉక్కు కరువైన రోజుల్లో చెక్క టగ్‌లు: చిన్న యార్డులు వాటిని ఎలా కట్టాయి?

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఉక్కు ఓడల్ని వేల సంఖ్యలో కట్టింది కదా. మరి అదే సమయంలో ఓడలు కట్టే చిన్న చిన్న యార్డులు చెక్కతో టగ్‌బోట్లు (పెద్ద ఓడల్ని, బార్జీల్ని లాగే పడవలు) ఎందుకు కట్టాయి? ఓడల పని తెలియని మనుషులతో అది ఎలా సాధ్యమైంది? అవి నిజంగా పనికొచ్చాయా? వాటిలో ఒకదాని మోడల్ చేయాలనుకుంటున్నాను. ఏది తీసుకోమంటారు?

సమాధానం:

నేను విశాఖ హార్బర్‌లో టగ్‌ల మరమ్మతు పనితో మొదలుపెట్టి, తర్వాత హల్ (ఓడ దేహం) సర్వేయర్‌నయ్యాను. ఉద్యోగంలో చివరి భాగమంతా అమెరికా వాయవ్య తీరంలో, సియాటెల్ చుట్టుపక్కల గడిచింది. యుద్ధకాలంలో కట్టిన చెక్క టగ్‌లు కొన్నింటి అడుగుభాగంలోకి దిగి, టార్చిలైటు వేసి, సుత్తితో తట్టి చూసే అవకాశం అక్కడే దొరికింది. వాటిమీద నాకున్న అభిమానాన్ని దాచుకోను.

ముందు సూటిగా చెప్తాను. ఉక్కు చాలకపోవడం వల్లే చెక్క వైపు చూశారు, అది నిజమే. కానీ ఆ టగ్‌లు బాగా పనిచేయడానికి కారణం వేరే ఉంది. చెక్క ఏ పొడవు దాకా నమ్మకంగా నిలుస్తుందో, ఆ పొడవు లోపు పనినే ఈసారి చెక్క యార్డులకు అప్పగించారు. అంతకుముందు యుద్ధంలో అలా చేయలేదు. దాని ఫలితం ఎలా ఉందో చూస్తే మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరికిపోతుంది.

1917లో అమెరికా యుద్ధంలోకి దిగేసరికి జర్మన్ సబ్‌మెరైన్లు సరుకు ఓడల్ని వరసగా ముంచేస్తున్నాయి. ఉక్కు యార్డుల్లో ఖాళీ లేదు. అప్పుడు ఎమర్జెన్సీ ఫ్లీట్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ చెక్క ఆవిరి ఓడల్ని వందల్లో ఆర్డరిచ్చింది. వాటిలో బాగా వాడుకలోకి వచ్చిన ఫెర్రిస్ డిజైన్ ఓడ పొడవు సుమారు 281 అడుగులు, మోసే బరువు 3,500 టన్నులు. 1918 నవంబరులో యుద్ధం ముగిసేనాటికి వాటిలో చాలా భాగం ఇంకా కట్టుబడి దశలోనే ఉన్నాయి. పూర్తయినవాటిలోనూ కారుడు సమస్యలు వచ్చాయి. చివరికి ఎన్నో ఓడల్ని తుక్కు కింద అమ్మేశారు. మేరీల్యాండ్‌లో పోటోమాక్ నది ఒడ్డున మాలోస్ బే అనే చోట ఇప్పటికీ వందకు పైగా హల్‌ల అవశేషాలు నీళ్ళలో కనిపిస్తాయి. 2019లో ఆ ప్రాంతాన్ని జాతీయ సముద్ర రక్షిత ప్రాంతంగా ప్రకటించారు.

పొడవుతో వచ్చే చిక్కు ఏమిటంటే, ఓడ నడుము కిందికి అల వచ్చినప్పుడు ముందు వెనక చివర్లు కిందికి వాలతాయి. అలలు రెండు చివర్ల కిందికి వెళ్ళినప్పుడు నడుము దిగుతుంది. ప్రయాణమంతా ఈ వంగుడు ఆగదు. రివెట్లు కొట్టిన ఉక్కు హల్ దాదాపు ఒకే ముక్కలా దాన్ని తట్టుకుంటుంది. చెక్క హల్ అలా కాదు. అందులో వేల ముక్కలు, వేల అతుకులు ఉంటాయి. ప్రతి అతుకూ వెంట్రుకవాసి కదులుతుంది. పొడవు పెరిగేకొద్దీ ఆ కదలికలన్నీ కలిసి పలకల మధ్య సందులు తెరుచుకుంటాయి, నీరు కారకుండా వాటిలో దట్టించిన నార బయటికొస్తుంది, పంపులు ఆపకుండా తిప్పాల్సి వస్తుంది. 1909లో మెయిన్ రాష్ట్రంలోని బాత్ పట్టణంలో కట్టిన వయోమింగ్ అనే ఆరు తెరచాప స్తంభాల ఓడ దీనికి మంచి ఉదాహరణ. డెక్కు పొడవు దాదాపు 330 అడుగులు. వంగకుండా ఇనుప పట్టీలు బిగించారు. అయినా సముద్రంలో మెలితిరిగి నీరు ఎక్కుతూనే ఉండేది. 1924 మార్చిలో తుపానులో మునిగిపోయింది, అందులో ఉన్నవాళ్ళెవరూ బతకలేదు.

ఈ పాఠం 1940ల నౌకా డిజైనర్లకు బాగా గుర్తుంది. అందుకే రెండో యుద్ధంలో చెక్క యార్డులకు 110 అడుగుల సబ్‌మెరైన్ ఛేజర్లు, 136 అడుగుల మైన్‌స్వీపర్లు, చిన్న రవాణా పడవలు, బార్జీలు (సరుకు మోసే బల్లపరుపు పడవలు), టగ్‌లు ఇచ్చారు. మైన్‌స్వీపర్‌కు చెక్క కావడం వల్ల అయస్కాంత మైన్ల నుంచి రక్షణ అనే అదనపు లాభం ఉంది. టగ్ విషయంలో లెక్క ఇంకా సులువు. ఉక్కు ప్లేటు, వెల్డర్లు, పెద్ద స్లిప్‌వేలు (ఓడను కట్టి నీళ్ళలోకి జార్చే వాలు వేదికలు) లిబర్టీ సరుకు ఓడలకూ, డిస్ట్రాయర్ యుద్ధనౌకలకూ, సైన్యాన్ని ఒడ్డుకు దించే ల్యాండింగ్ క్రాఫ్ట్‌లకూ కావాలి. చెక్క యార్డుకు ఇవేవీ అక్కర్లేదు. దానికి కావలసింది ఏటవాలు ఒడ్డు, దుంగలు, బ్యాండ్ సా, పని తెలిసిన కొద్దిమంది. ఇవి మెయిన్‌లోనూ, పుగెట్ సౌండ్‌లోనూ (సియాటెల్ దగ్గరి సముద్రపు పాయ), కాలిఫోర్నియా తీరంలోనూ అప్పటికే ఉన్నాయి. యుద్ధం రాకపోతే వాటిలో చాలా యార్డులు చేపల పడవలు, విలాస పడవలు కట్టుకుంటూ ఉండేవి.

ప్రధానంగా రెండు రకాల చెక్క టగ్‌ల గురించి చెప్పుకోవాలి.

మొదటిది నేవీ కట్టించిన ఏటీఆర్ తరగతి, అంటే సముద్రంలో దెబ్బతిన్న ఓడల్ని లాక్కొచ్చే రెస్క్యూ టగ్. పొడవు 165 అడుగులు, వెడల్పు 33 అడుగుల పైచిలుకు, ఒకే ప్రొపెల్లర్, ట్రిపుల్ ఎక్స్‌పాన్షన్ (ఒకే ఆవిరిని వరసగా మూడు దశల్లో వాడుకునే) ఆవిరి ఇంజను, ముందు భాగంలో మూడంగుళాల ఫిరంగి. ఇవి ఎనభైకి పైగా తయారయ్యాయి. న్యూయార్క్‌లో అప్పటిదాకా విలాస పడవలు కట్టిన వీలర్ యార్డు, మెయిన్‌లోని కామ్డెన్ యార్డు, వాషింగ్టన్ రాష్ట్రంలో బెల్లింగ్‌హామ్‌లోని యార్డు, ఇలా దేశం రెండు తీరాల్లోనూ కట్టారు. కామ్డెన్ హార్బర్‌కు పాత పేరుంది. మొట్టమొదటి ఆరు స్తంభాల తెరచాప ఓడ జార్జ్ డబ్ల్యూ. వెల్స్ 1900లో అక్కడే నీళ్ళలోకి దిగింది. నలభై ఏళ్ళ తర్వాత యుద్ధం వచ్చేనాటికి ఆ తరం వడ్రంగుల్లో కొందరు ముసలివాళ్ళై ఇంకా ఆ ప్రాంతంలోనే ఉన్నారు.

రెండోది ఆర్మీ కట్టించిన మికీ తరగతి. (అవును, ఆర్మీకే. అమెరికా ఆర్మీకి అప్పట్లో సొంత టగ్‌లు, సొంత సరుకు పడవలు పెద్ద సంఖ్యలో ఉండేవి.) సియాటెల్ డిజైనర్ లీ కూలిడ్జ్ 1929లో హొనలూలు నగరపు యంగ్ బ్రదర్స్ సంస్థ కోసం మికిమికి అనే టగ్ గీశాడు. హవాయి దీవుల మధ్య పైనాపిల్ బార్జీలు లాగడానికి కట్టిన పడవ అది. దీవుల మధ్య ఉండే కాలువల్లో గాలి, అల రెండూ గట్టిగానే ఉంటాయి. అక్కడ నెగ్గిన హల్ గీతల్నే యుద్ధంలో ఆర్మీ తీసుకుంది. మొత్తం పొడవు 126 అడుగులు, వెడల్పు 28 అడుగులు, డీజిల్ ఇంజన్లతో 1,500 హార్స్‌పవర్ దాకా శక్తి. పశ్చిమ తీరపు యార్డులు ఇలాంటివి అరవై దాకా కట్టాయి. నా ఉద్దేశంలో యుద్ధకాలపు చెక్క టగ్‌లలో ఇంతకంటే చక్కటి హల్ లేదు. ముందు భాగం ఎత్తుగా లేచి అలను పక్కలకు విసిరేస్తుంది, వెనక భాగం గుండ్రంగా, తాడు ఎటు తిరిగినా చిక్కుకోకుండా ఉంటుంది.

ఇక మీ రెండో ప్రశ్న, పని తెలియని మనుషులతో ఎలా కట్టారు అన్నది. నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తాను.

చెక్క ఓడ అనగానే పాతకాలపు మేస్త్రి ఒకడు కంటిచూపుతో దుంగను చెక్కుతున్నట్టు ఊహించుకుంటాం. మన తాళ్ళరేవు, కోరంగి వైపు పడవలు కట్టే మేస్త్రులు కాగితం మీద డ్రాయింగు లేకుండా కట్టగలరన్నది అందరూ ఒప్పుకునే మాటే, ఆ నైపుణ్యానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ ఒకే రకం టగ్‌ను వరసగా కట్టాలంటే, పనివాళ్ళు నిన్నటిదాకా రైతులో, చేపలు పట్టేవాళ్ళో, ఇళ్ళ వడ్రంగులో అయితే, ఆ పద్ధతి కుదరదు. అందుకే యార్డు మెదడంతా మోల్డ్ లాఫ్ట్ అనే గదిలో పెట్టారు. పెద్ద హాలు, నున్నటి చెక్క నేల. డిజైనర్ ఇచ్చిన కొలతల పట్టికను తీసుకుని, సన్నటి వంగే బద్దలు పెట్టి, టగ్ గీతల్ని ఆ నేలమీద నిజమైన సైజులో గీస్తారు. కాగితం మీద కనిపించని పావు అంగుళం తేడా ఇక్కడ కంటికి కనిపిస్తుంది. గీత సాఫీగా లేకపోతే ఇక్కడే దిద్దుతారు. తర్వాత ఆ గీతల మీదినుంచి పల్చటి చెక్కతో ప్రతి ఫ్రేముకూ (హల్‌కు పక్కటెముకలా ఉండే దూలం) అచ్చు కోస్తారు. అచ్చుమీదే నంబరు, అతుకుల గుర్తులు, అంచు ఎన్ని డిగ్రీలు ఏటవాలుగా కోయాలో రాస్తారు.

ఒక్కసారి అచ్చులు తయారైతే యార్డు స్వభావమే మారిపోతుంది. లాఫ్ట్‌లో పనిచేసే ఇద్దరు ముగ్గురికి ఓడ మొత్తం తెలియాలి. కింద రంపం దగ్గరున్న కుర్రాడికి తన ముందున్న అచ్చు, దానిమీది అంకెలు తెలిస్తే చాలు. అక్కడ వాడే షిప్ సా అనే బ్యాండ్ రంపం కూడా ఇందుకు తగ్గట్టే ఉంటుంది. దుంగ ముందుకు కదులుతుండగానే రంపం పక్కకు వాలుతుంది. ఒకడు దుంగను నడిపిస్తాడు, మరొకడు అచ్చుమీది డిగ్రీలు గట్టిగా చదువుతూ ఉంటే మూడోవాడు చక్రం తిప్పుతూ రంపం వాలు మారుస్తాడు. బాడిసతో చాలాసేపు చెక్కాల్సిన అంచు ఆ రంపం మీద నిమిషాల్లో తయారవుతుంది.

ఫ్రేమును ఒకే దుంగలోంచి కోయరు. వంపుకు తగిన చిన్న ముక్కల్ని రెండు వరసలుగా, ఒక వరస అతుకు మరో వరస మధ్యకు వచ్చేట్టు పేర్చి బోల్టులు వేస్తారు. తూర్పు తీరంలో దీనికి ఓక్ వాడేవారు. పశ్చిమ తీరంలో డగ్లస్ ఫర్ అనే చెట్టు అరవై అడుగుల పొడవున కూడా ముడి లేని దూలాలనిచ్చేది కాబట్టి కీల్ (ఓడ అడుగున వెన్నెముకలా ఉండే దూలం) నుంచి పలకల దాకా ఎక్కువ భాగం దానితోనే నడిపించారు. రాపిడి ఎక్కువగా ఉండే చోట మాత్రం ఐరన్‌బార్క్ లాంటి ఇనుములా గట్టిగా ఉండే కలప బిగించేవారు.

ఫ్రేములు నిలబడ్డాక బయట పలకలు వేస్తారు. ముందు, వెనక భాగాల్లో పలక వంగడమే కాదు, మెలి కూడా తిరగాలి. దానికోసం పొడవాటి ఆవిరి పెట్టెలో పలకను ఉడికిస్తారు. అంగుళం మందానికి సుమారు ఒక గంట అన్నది వాళ్ళ లెక్క. బయటికి తీసిన క్షణం నుంచి చల్లారేలోపు చేతిలో ఉండేది కొన్ని నిమిషాలే. చేతి తొడుగులు వేసుకున్న ముఠా పలకను భుజాన వేసుకుని పరుగెత్తి, క్లాంపులు బిగించి, పెద్ద మేకులు దిగ్గొడుతుంది. ముఠాకు మేస్త్రి ఒక్కడుంటే చాలు, మిగతావాళ్ళకు బలం, క్రమశిక్షణ ఉంటే సరిపోతుంది. హల్‌ను మూసేసే ఆఖరి పలక బిగించిన రోజు యార్డు మందు పోసి పండగ చేసుకోవడం అక్కడి ఆచారం.

తర్వాత పలకల సందుల్లో నార దట్టించడం. నూలు పోగులు ముందు, వాటిమీద తారు పట్టించిన జనపనార, ఆపైన తారు. దీన్ని తేలికగా తీసుకోవద్దు. 165 అడుగుల టగ్‌కు ఒక్కో పక్క కీల్ నుంచి డెక్కు దాకా చుట్టుకొలత 28 అడుగులు, పలక వెడల్పు ఏడంగుళాలు అనుకుంటే పక్కకు 48 వరసలు వస్తాయి. రెండు పక్కలా కలిపితే సందుల పొడవు నాలుగు కిలోమీటర్లు దాటుతుంది. ఇది నా అంచనా లెక్కే, డెక్కు సందులు ఇందులో లేవు. ఆ పొడవంతా మనిషి చేత్తో, ఉలిలాంటి ఇనుప పనిముట్టు పెట్టి, కొయ్య సుత్తితో కొట్టుకుంటూ పోవాలి. తక్కువ దట్టిస్తే కారుతుంది. ఎక్కువ దట్టిస్తే నార నీటికి ఉబ్బి పలకనే ఫ్రేము మీదినుంచి తోసేస్తుంది. సుత్తి మోతను బట్టి నార ఎంత బిగిసిందో మేస్త్రికి తెలుస్తుంది. ఈ పని ఏ అచ్చుతోనూ నేర్పలేరు. పాత మనుషులు నిజంగా అవసరమైన చోటు ఇదే, వాళ్ళను ఇక్కడే వాడుకున్నారు.

డెక్కుపైన గదులు, బంకులు, వంటగది, మెట్లు మామూలు ఇంటి వడ్రంగం కిందికే వస్తాయి. అక్కడ ఇళ్ళు కట్టేవాళ్ళు వచ్చిన మొదటి రోజునుంచే పనికొచ్చారు. యుద్ధకాలపు యార్డుల్లో ఆడవాళ్ళు కూడా పెద్ద సంఖ్యలో చేరారు. రంగులు, విద్యుత్ తీగలు, లాఫ్ట్ అచ్చులు, స్టోరు లెక్కలు, ఇలా ఒకటని కాదు. పని తెలియని మనుషులతో కట్టారన్న మాట సగమే నిజం. పనిని ముక్కలు చేసి, ఏ ముక్కకు ఎంత అనుభవం కావాలో సరిగ్గా గుర్తించి, ఉన్న కొద్దిమంది నిపుణుల్ని ఆ చోట్లలో మాత్రమే ఉంచారు. ఆ ఏర్పాటు చేసిన యార్డు మేనేజర్ల పేర్లు చరిత్ర పుస్తకాల్లో పెద్దగా కనిపించవు, అది నాకు బాధగానే ఉంటుంది.

టగ్‌కు మాత్రమే ఉండే ఒక ఇబ్బంది కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది పట్టించుకోరు. సరుకు ఓడ బరువు మోస్తుంది. టగ్ లాగుతుంది. ఆ లాగుడంతా తాడు కట్టే బిట్లు అనే రెండు లావాటి స్తంభాల మీద పడుతుంది. వాటిని డెక్కుకు మాత్రమే బిగిస్తే మొదటి పెద్ద అలకే డెక్కు పలకలతో సహా ఊడి వస్తాయి. అందుకని స్తంభాన్ని డెక్కు దూలాల మధ్యనుంచి కిందికి దించి, కీల్ మీద ఉండే కీల్సన్ దూలంలో పాతుతారు. తాడు లాగినప్పుడు ఆ బలం డెక్కు మీద ఆగకుండా హల్ వెన్నెముక దాకా పాకుతుంది. టో మెషీన్ (లాగే తాడును చుట్టే, వదిలే యంత్రం) ఉన్న పెద్ద టగ్‌లలో కూడా దాని కింద దూలాల పేర్పు ఇదే పద్ధతిలో ఉంటుంది. పాత చెక్క టగ్ కొనేముందు సర్వే చేయమని ఎవరైనా పిలిస్తే నేను ముందు వెళ్ళేది ఇంజను గదికి కాదు, ఈ స్తంభాల మొదళ్ళ దగ్గరికి.

ఇంజను విషయంలో ఇంకో సంగతి. చెక్క హల్ ఒడ్డున దిమ్మెల మీద ఉన్నప్పుడు ఒక ఆకారంలో ఉంటుంది, నీళ్ళలోకి దిగాక కొద్దిగా సర్దుకుంటుంది. ఒడ్డున ఉండగానే ప్రొపెల్లర్‌ను తిప్పే షాఫ్టును ఇంజనుకు ఆఖరి బిగింపు బిగిస్తే, నీళ్ళలో దిగాక బేరింగులు వేడెక్కిపోతాయి. కాబట్టి జలప్రవేశం తర్వాత, హల్ కొన్నాళ్ళు తేలాక, ఇంజను కింద దిమ్మెలు సరిచేసి అప్పుడు కలుపుతారు. ఉక్కు హల్ నుంచి వచ్చిన ఇంజనీర్లకు ఇది ఓపికకు పరీక్ష. పైగా ఇంజన్లు దొరకడమే కష్టం. మంచి డీజిల్ ఇంజన్లన్నీ సబ్‌మెరైన్లకూ ల్యాండింగ్ క్రాఫ్ట్‌లకూ పోయేవి. నేవీ ఏటీఆర్‌లకు పాతకాలపు ఆవిరి ఇంజను పెట్టడానికి పెద్ద కారణం అదే. ట్రిపుల్ ఎక్స్‌పాన్షన్ ఇంజను బరువెక్కువ, ఇంధనం ఎక్కువ తాగుతుంది, కానీ దాన్ని తయారుచేయగల ఫౌండ్రీలు, నడపగల మనుషులు దేశంలో ఉన్నారు. లిబర్టీ ఓడల్లోనూ అదే రకం ఇంజను పెట్టారని గుర్తుంచుకోండి.

పనికొచ్చాయా అంటే, బాగా పనికొచ్చాయి.

1944 జూన్‌లో నార్మండీ దాడికి బ్రిటన్ నుంచి కృత్రిమ రేవులను ముక్కలుగా లాక్కెళ్ళాలి. వాటిలో ఫీనిక్స్ అనే కాంక్రీటు పెట్టెలు రెండొందల అడుగుల పొడవు, పెద్దవి ఆరు వేల టన్నుల బరువు. దొరికిన టగ్‌నల్లా అక్కడికి చేర్చారు. ఆ టగ్‌ల రాకపోకల్ని దక్షిణ ఇంగ్లండ్‌లోని లీ-ఆన్-సోలెంట్ నుంచి నడిపించింది న్యూయార్క్ టగ్ కంపెనీ కుటుంబానికి చెందిన కెప్టెన్ ఎడ్మండ్ మోరాన్. ఆ గుంపులో అమెరికా చెక్క ఏటీఆర్‌లు కూడా ఉన్నాయి. జూన్ 19న మొదలైన పెద్ద తుపానులో ఏటీఆర్-15 నార్మండీ తీరంలో నేలకెక్కి పోయింది. అదే తుపాను ఒమాహా బీచ్ దగ్గరున్న అమెరికన్ కృత్రిమ రేవునే పనికిరాకుండా చేసింది. కాబట్టి ఆ నష్టాన్ని చెక్క మీద వేయడం న్యాయం కాదు.

ఉక్కు టగ్‌లకు కూడా సముద్రం ఏ మినహాయింపూ ఇవ్వలేదు. 1944 సెప్టెంబరులో న్యూయార్క్ నుంచి ఎన్‌వై-119 అనే కాన్వాయ్ (కాపలాతో కలిసి వెళ్ళే ఓడల గుంపు) బయల్దేరింది. ఆర్మీ చిన్న టగ్‌లు, అవి లాగే బార్జీలు, అట్లాంటిక్ దాటి ఇంగ్లండ్ చేరాలి. దారిలో తుపాను పట్టుకుంది. మూడు చిన్న టగ్‌లు, ఎన్నో బార్జీలు మునిగాయి, 19 మంది చనిపోయారు. కాపలాగా వెళ్ళిన యూఎస్ఎస్ మేసన్ డెక్కు పగిలింది. సిబ్బందిలో అత్యధికులు నల్లజాతి నావికులైన యుద్ధనౌక అది. వాళ్ళు పగులును సరిచేసుకుని మళ్ళీ కాన్వాయ్‌కు సాయంగా తిరిగారు. హార్బరు పనికి గీసిన చిన్న టగ్‌ను మహాసముద్రం మీదికి పంపితే ఏమవుతుందో చెప్పే ఘటన ఇది. మికీ ఆ విషయంలో నయం, దాన్ని మొదటినుంచీ బయటి సముద్రం కోసమే గీశారు.

లోపాలు కూడా చెప్పాలి. మొదటిది పచ్చి కలప. కోసిన కలపను ఏళ్ళ తరబడి ఆరబెట్టే తీరిక యుద్ధంలో ఎవరికీ లేదు. పచ్చి దుంగలతో కట్టిన హల్ ఆరేకొద్దీ ముడుచుకుంటుంది, బోల్టులు వదులవుతాయి, లోపల గాలి ఆడని మూలల్లో బూజు పట్టి కుళ్ళుతుంది. ఇక్కడ కొత్తవాళ్ళకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. చెక్క టగ్‌ను చంపేది సముద్రపు నీరు కాదు, వాననీరు. ఉప్పునీటిలో మునిగి ఉన్న పలక దశాబ్దాలు నిలుస్తుంది. డెక్కు సందులోంచి బొట్టు బొట్టుగా దిగిన వాననీరు దూలం మొదలును లోపలినుంచి తినేస్తుంది. అందుకే పాత యార్డులు ఫ్రేముల మధ్య రాతి ఉప్పు పోసేవి. సుత్తితో తట్టినప్పుడు గట్టి కలప ఖంగుమంటుంది, కుళ్ళినది మందంగా పలుకుతుంది. నేను చూసిన టగ్‌లలో అడుగు పలకలు బాగుండి, డెక్కు అంచు దూలాలు పిండైపోయినవే ఎక్కువ.

రెండోది వేడి సముద్రాల్లో చెక్కను తొలిచే పురుగు. మన కాకినాడ, విశాఖ జాలర్లకు దీని సంగతి చెప్పక్కర్లేదు. పసిఫిక్‌లో తిరిగిన టగ్‌లకు రాగి కలిసిన రంగు సమయానికి పడకపోతే పలకలు జల్లెడైపోయేవి. మూడోది నిప్పు భయం, నూనె తడిసిన చెక్క ఇంజను గదిలో అది ఎప్పుడూ ఉండేదే.

ఇవన్నీ ఉన్నా, ఈ టగ్‌లు తమనుంచి ఆశించినదానికంటే ఎక్కువ కాలమే బతికాయి. యుద్ధం కోసం కట్టినవాటికి నాలుగైదేళ్ళ ఆయుష్షు ఉంటే చాలనుకునేవారు. యుద్ధం అయ్యాక పుగెట్ సౌండ్‌లోని ఫాస్ కంపెనీ మికీలను వరసగా కొని, అడలీన్ ఫాస్, క్రిస్టీన్ ఫాస్, డోనా ఫాస్ లాంటి కుటుంబపు పేర్లు పెట్టి, అలాస్కా దాకా బార్జీలు లాగించింది. మరమ్మతు సులువు కావడం కూడా దీనికి కారణం. ఏ రేవులోనైనా వడ్రంగి దొరుకుతాడు, పాడైన పలక ఒక్కటి తీసి కొత్తది వేయొచ్చు.

ఇక ఉక్కుతో చిన్న యార్డులు ఇదే పని చేయలేవా అని మీకు అనుమానం రావచ్చు. చేశాయి. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో థార్న్ అనే ఊళ్ళో రిచర్డ్ డన్‌స్టన్ యార్డు నాయకత్వంలో టిడ్ అనే 65 అడుగుల ఉక్కు టగ్‌లు 182 తయారయ్యాయి. హల్‌ను ఆరు టన్నులు మించని ముక్కలుగా విడగొట్టి, ఓడలతో సంబంధం లేని ఫ్యాక్టరీల్లో చేయించి, లారీల మీద తెచ్చి వెల్డింగ్ చేశారు. పలకను రెండు వైపులా వంచాల్సిన పని లేకుండా హల్‌ను కోణాలుగా గీశారు. ఇదీ గొప్ప ఆలోచనే. కానీ దానికి ఉక్కు ఉండాలి, వెల్డర్లు ఉండాలి, చుట్టూ పరిశ్రమలు ఉండాలి. మెయిన్ తీరపు పల్లెలో ఇవేవీ లేవు, ఓక్ అడవి ఉంది.

విశాఖ మనిషిగా నాకు ఒక పోలిక తప్పకుండా గుర్తొస్తుంది. సింధియా కంపెనీ మన యార్డుకు 1941 జూన్ 21న బాబూ రాజేంద్ర ప్రసాద్ చేత శంకుస్థాపన చేయించింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. పని కుంటుపడింది, మొదటి ఓడ జల ఉష నీళ్ళలోకి దిగడానికి 1948 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది. పెద్ద ఉక్కు యార్డును యుద్ధం మధ్యలో మొదటినుంచి నిలబెట్టడం ఎంత కష్టమో మనకు సొంత అనుభవం. అమెరికాకు దూరం ఇచ్చిన భద్రత ఉంది. దాంతోపాటు, అప్పటికే ఉన్న చిన్న యార్డుల్ని ఉన్నచోటే, ఉన్న పరికరాలతోనే పనిలోకి దించే ఆలోచన కూడా ఉంది. ఆ ఆలోచనే లేకపోతే ఆ భద్రత ఒక్కటే ఇన్ని టగ్‌లను ఇచ్చేది కాదు.

మోడల్ విషయానికొస్తే, మికీ తీసుకోండి. ఏటీఆర్‌లో ఫిరంగులు, లైఫ్‌రాఫ్టులు, స్తంభాలు, తాళ్ళు ఎక్కువ, మొదటి మోడల్‌కు చికాకు పుడుతుంది. 1:48 స్కేలులో మికీ పొడవు 80 సెంటీమీటర్లు వస్తుంది, చేతికి హాయిగా ఉండే సైజు. టేబుల్ మీద చోటు తక్కువై ఏటీఆరే కావాలంటే 1:96 తీసుకోండి, 53 సెంటీమీటర్ల లోపు అయిపోతుంది. హల్‌ను ఒకే దిమ్మెలోంచి చెక్కకుండా ఫ్రేములు నిలబెట్టి పలకలు వేయండి. వెనక గుండ్రటి భాగంలో పలకలు పొడిగా వంగవు, వేడి నీళ్ళలో నానబెట్టి వంచి, ఆరేదాకా క్లిప్పులు తీయకండి. పలకల సందుల్ని పుట్టీతో పూర్తిగా కప్పేసి నున్నగా చేస్తే అది ఉక్కు టగ్‌లా కనిపిస్తుంది, సన్నటి గీతలు కనిపించనివ్వండి. ఫెండర్ల (ఒరుసుకోకుండా పక్కల ఉంచే మెత్తలు) కింద అంచు చెక్కకు ముదురు రంగు వేయండి, అసలు టగ్‌లో అక్కడ ఉండేది వేరే కలప. బిట్లను మాత్రం డెక్కు మీద అంటించి వదలొద్దు. డెక్కుకు రంధ్రం చేసి కీల్సన్ దాకా దించండి. డెక్కు వేశాక అది ఎవరికీ కనిపించదు, అయినా అలాగే చేయండి.